పిల్లికి షుగర్ వస్తే ఇంట్లో ఎలా చూసుకోవాలి: మా బొండాం, రెండు రకాల సిరంజిలు, ఒక రాత్రి

  కిందటి రెండు ఎపిసోడ్లు చూసినవాళ్ళు చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "మేడమ్, మీ వెనకాల బీరువా మీద ఎర్ర పిల్లి ఒకటి పడుకుని ఉంటుంది కదా, దాని చెవి అంచున ఆ చిన్న చిన్న చుక్కలేంటి?" అని. అవి సూది గుర్తులండి. గ్లూకోమీటర్ సూది. మా బొండాంకి షుగర్ ఉంది. రోజుకి రెండు సార్లు ఇన్సులిన్ వేస్తాను. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు. రైల్వేలో అకౌంట్స్‌లో పనిచేసి రిటైర్ అయినదాన్ని. వెస్ట్ మారేడ్‌పల్లిలో అమ్మ, నేను, బొండాం, ముగ్గురం ఉంటాం. ఏడు నెలల్లో మా డాక్టర్ గారి దగ్గర నేర్చుకున్నది, నా తప్పుల వల్ల నేర్చుకున్నది మీకు చెప్తాను. డోసు మాత్రం మీ డాక్టరే చెప్పాలి. మా పిల్లి డోసు మీ పిల్లికి వెయ్యకండి.

ఎలా తెలిసిందంటే, చీమల వల్ల తెలిసింది. బాత్రూమ్ పక్కన బొండాం లిట్టర్ ట్రే ఉంటుంది. కార్తీకమాసంలో ఒక రోజు పొద్దున చూస్తే దాని చుట్టూ చీమల బారు. ఇల్లు శుభ్రంగా లేదేమో అని ఫినాయిల్ వేసి కడిగాను. రెండో రోజు మళ్ళీ చీమలు. అమ్మ చూసి అంది, "ఏమే, దీనికి నా జబ్బే వచ్చిందేమోనే" అని. నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. మన పెద్దవాళ్ళు ఈ జబ్బుకి మధుమేహం అని ఊరికే పేరు పెట్టలేదు కదండీ. మూత్రానికి చీమలు పట్టడం అనేది పాతకాలం నుంచీ తెలిసిన గుర్తే.

అప్పుడు వెనక్కి ఆలోచిస్తే అన్నీ కనబడ్డాయి. నెల రోజులుగా నీళ్ళ గిన్నె రోజుకి రెండు సార్లు ఖాళీ అవుతోంది. ట్రేలో ఇసుక ఇంత పెద్ద గడ్డలు కడుతోంది. తిండి ఎక్కువ తింటున్నాడు, కానీ చిక్కిపోతున్నాడు. చిన్నప్పుడు కొబ్బరి బొండాంలా ఉండేవాడని ఆ పేరు పెట్టాం. వీపు మీద చెయ్యి వేస్తే వెన్నెముక తగిలింది. ఇంకోటి, బీరువా మీదకి ఎగరడం మానేశాడు. నడిచేటప్పుడు వెనక కాళ్ళ మడమలు నేలకి ఆనించి నడుస్తున్నాడు. వయసైపోయింది అనుకున్నాను. అది షుగర్ వల్ల నరాలు దెబ్బతిని వచ్చే నడక అని తర్వాత తెలిసింది. మీ పిల్లి అలా నడుస్తుంటే ఆలస్యం చెయ్యకండి.

హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం. ఆటోలో, బుట్టలో, సంగీత్ చౌరస్తా దగ్గర ఆ హారన్ల మధ్య. అక్కడ రక్తం చూస్తే 342 వచ్చింది. నేను అప్పుడే ఏడుపు మొహం పెట్టాను. డాక్టర్ గారు అన్నారు, "ఆగండమ్మా, ఇప్పుడే షుగర్ అని చెప్పను" అని. ఎందుకంటే పిల్లికి భయం వేస్తే చాలు, ఏ జబ్బూ లేకపోయినా చక్కెర 300 దాటగలదట. మామూలుగా పిల్లికి 80 నుంచి 120 మధ్య ఉంటుంది. అందుకని ఆయన మూత్రం చూశారు, ఫ్రక్టోసమీన్ అనే ఇంకో రక్తపరీక్ష రాశారు. అది గడిచిన రెండు మూడు వారాల సగటు చెప్తుంది. మనుషుల్లో మూడు నెలల సగటుకి హెచ్‌బీఏ1సీ చూస్తారు కదా, అలాంటిదన్నమాట. ఆ ఒక్క పూట భయానికి అది మారదు. అది కూడా ఎక్కువే వచ్చింది. అప్పుడు ఖాయం చేశారు.

మరి ఈ నీళ్ళు తాగడం, చీమలు, చిక్కిపోవడం ఎందుకంటే, లెక్క సులువే. రక్తంలో చక్కెర సుమారు 250 దాటాక పిల్లి కిడ్నీలు దాన్ని ఆపలేవు, మూత్రంలోకి వదిలేస్తాయి. చక్కెర వెళ్తూ వెళ్తూ నీళ్ళని కూడా లాక్కెళ్తుంది. అందుకని దాహం. ఒంట్లో కణాలకి మాత్రం చక్కెర అందదు, అందుకని ఆకలి, చిక్కడం. ఇల్లంతా సరుకులున్నా వంటింటి తాళం పోయినట్టు. ఆ తాళంచెవి ఇన్సులిన్.

పిల్లుల్లో ఎక్కువగా వచ్చేది మన పెద్దవాళ్ళకి వచ్చే టైప్ 2 లాంటిదేనట. లావుగా ఉన్నవాటికి, ఇంట్లోంచి కదలనివాటికి, ఆపరేషన్ చేయించిన మగపిల్లులకి, వయసు మీద పడ్డవాటికి ఎక్కువ. దురద కోసమో ఆయాసం కోసమో స్టెరాయిడ్ ఇంజక్షన్లు పడ్డా రావచ్చు. మావాడు ఆపరేషన్ అయిన మగపిల్లి, పదేళ్ళవాడు, అమ్మ పెట్టే పాలన్నం తిని పెరిగినవాడు. ఇక చెప్పేదేముంది.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది, "నా మెట్‌ఫార్మిన్ సగం విరిచి వెయ్యకూడదూ?" అని. చాలామందికి వచ్చే ఆలోచనే ఇది. వెయ్యకూడదండి. మనుషుల మాత్ర పిల్లికి అలా పనిచెయ్యదు. అమెరికాలో పిల్లుల కోసమే రెండు నోటి మందులకి అనుమతి ఇచ్చారు. 2022 డిసెంబర్‌లో బెక్సాగ్లిఫ్లోజిన్, 2023లో వెలాగ్లిఫ్లోజిన్. రోజుకి ఒకసారి ఇస్తే చాలు. కానీ అవి అంతకు ముందు ఇన్సులిన్ మీద ఉన్న పిల్లికి ఇవ్వకూడదు. పైగా చక్కెర మామూలుగా కనబడుతూనే రక్తంలో కీటోన్లు పెరిగి ప్రాణం మీదకి రావచ్చు. అదే జాతి మాత్రలు మనుషులకి మన మందుల షాపుల్లో దొరుకుతాయి. దొరుకుతున్నాయి కదా అని పిల్లికి సొంతంగా వేసి చూడకండి.

మా డాక్టర్ గారు గ్లార్జీన్ రాశారు. మనుషులు వాడే ఇన్సులినే. పన్నెండు గంటలకి ఒక్క యూనిట్. పొద్దున ఏడు, సాయంత్రం ఏడు. ఇక్కడ నాకు ముచ్చటేసిన విషయం ఒకటి చెప్పాలి. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనిపెట్టినప్పుడు ఆ ప్రయోగాలు ఎక్కువగా కుక్కల మీద జరిగాయి. 1922 జనవరిలో మొదటిసారి మనిషికి ఇచ్చారు. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆవులు, పందుల క్లోమం నుంచి తీసిన ఇన్సులినే మనుషులు వాడారు. అంటే మా అమ్మ ఈ రోజు ఇలా కూర్చుని కాఫీ తాగుతోందంటే జంతువుల చలవే. బొండాంకి నేను ఇప్పుడు ఇచ్చేది దానం కాదు, పాత బాకీ. అకౌంట్స్ మనిషిని కదా, నాకు అలాగే అనిపిస్తుంది.

సరే, అసలు పనిలోకి వద్దాం. చెవి నుంచి రక్తం తియ్యడం. మొదటి పది రోజులు నాకు చేతకాలేదు, దాచుకోవడమెందుకు. ఇప్పుడు ఎలా చేస్తానంటే, వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డని చెవికి అర నిమిషం ఆనిస్తాను. మరీ వేడి కాదు, మన మణికట్టుకి హాయిగా ఉండాలి. చెవి వెచ్చబడితే రక్తం వస్తుంది, చల్లగా ఉంటే రాదు. చెవి అంచు వెంబడి సన్నటి నరం కనబడుతుంది. ఆ నరం మీద కాదు, నరానికీ అంచుకీ మధ్య గుచ్చాలి. చెవి వెనకాల మడిచిన దూది పెట్టుకుంటే మన వేలికి గుచ్చుకోదు. చుక్క రాగానే స్ట్రిప్ దగ్గరికి తెస్తే అదే పీల్చుకుంటుంది. తర్వాత దూదితో కాసేపు నొక్కి పట్టుకోవాలి. నొక్కకపోతే చెవి కమిలిపోతుంది.

పని అవ్వగానే ఒక చిన్న ఉడికించిన చికెన్ ముక్క. వచ్చినా రాకపోయినా ముక్క ఇవ్వాలి. రక్తం రాకపోవడం వాడి తప్పు కాదు కదా. మూడో వారానికి మావాడు మీటర్ డబ్బా చప్పుడు వినగానే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. చికెన్ కోసమే లెండి, నా మీద ప్రేమతో కాదు.

మీటర్ గురించి ఒక మాట. పిల్లుల కోసం చేసిన మీటర్లు వేరే ఉన్నాయి. నేను అమ్మ మీటరే వాడుతున్నాను. మనుషుల మీటర్ పిల్లి రక్తానికి సాధారణంగా అసలు కంటే కాస్త తక్కువ చూపిస్తుంది. ఆ సంగతి డాక్టర్‌కి చెప్పి, ఎప్పుడూ అదే మీటర్ వాడాలి. ఒక రోజు ఇది, ఒక రోజు అది వాడితే లెక్క తేలదు. భుజం మీద అంటించే సెన్సర్లు కూడా పిల్లులకి పెడుతున్నారు. మనుషుల్లో పద్నాలుగు రోజులు వస్తుంది, పిల్లి గీక్కుంటే అన్నాళ్ళు ఉండకపోవచ్చు.

ఇంజక్షన్ అయితే చెవి కంటే తేలిక. నేనూ ఇదే కష్టం అనుకున్నాను. సూది చాలా సన్నం. తింటుండగా మెడ వెనకో, పక్క డొక్క దగ్గరో చర్మం పైకి లాగితే చిన్న డేరాలా వస్తుంది. ఆ డేరాలోకి గుచ్చి నొక్కెయ్యడమే. ఒక్కోసారి సూది ఇటు నుంచి అటు వచ్చేసి మందు బొచ్చు మీద పడుతుంది. తడి తగులుతుంది, ఆ మందు వాసన వస్తుంది. ఆ వాసన ఒకసారి పడితే మర్చిపోరు. అలా జరిగితే, లేదా మందు వెళ్ళిందో లేదో అనుమానం ఉంటే, రెండోసారి వెయ్యకండి. ఇది రాసి పెట్టుకోండి. ఒక పూట డోసు తగ్గితే చక్కెర ఆ పూట పెరుగుతుంది, అంతే. ఎక్కువైతే ప్రాణం పోతుంది.

ఆ సంగతి నాకు ఎలా తెలుసంటే, ఇక ఆ రాత్రి సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. కానీ మన దేశంలో ఈ తప్పు ఎవరైనా చెయ్యగలరు, అందుకే చెప్తున్నాను.

మన దగ్గర ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా రెండు బలాల్లో దొరుకుతాయి. సీసా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి. కొన్నిటి మీద ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లు, కొన్నిటి మీద 100 యూనిట్లు. దానికి తగ్గట్టు సిరంజిలు కూడా రెండు రకాలు. యు-40 సిరంజికి ఎర్ర మూత, యు-100 సిరంజికి నారింజ మూత. మా అమ్మ ఇన్సులిన్ 40ది, ఎర్ర మూత. బొండాంది 100ది, నారింజ మూత. రెండూ ఒకే ఫ్రిజ్‌లో, ఒకే తలుపులో.

నారింజ మూతవాటిలో కూడా రకాలున్నాయి. ఒక ఎంఎల్ సిరంజి మీద గీతలు రెండేసి యూనిట్లకి ఉంటాయి. ఒక్క యూనిట్ వేసే పిల్లికి అది పనికిరాదు. 0.3 ఎంఎల్ సిరంజి, అర యూనిట్ గీతలున్నది కావాలి. అది అన్ని షాపుల్లో దొరకదు, ముందే చెప్పి తెప్పించుకోవాలి. నేను తెప్పించుకోలేదు. ఇన్సులిన్ మొదలుపెట్టిన నాలుగో వారంలో ఒక సాయంత్రం చూస్తే అయిపోయాయి. టైమ్ ఏడు. అమ్మ ప్యాకెట్‌లో ఎర్ర మూత సిరంజి ఉంది. దాని మీద ఒకటి, రెండు, మూడు అని గీతలు స్పష్టంగా ఉన్నాయి. ఒకటి అంటే ఒకటే కదా అనుకున్నాను. ముప్పై ఏళ్ళు లెక్కలు చూసిన మనిషిని. ఒకటి అంటే ఒకటే అనుకున్నాను.

అది ఒకటి కాదండి. ఎర్ర మూత సిరంజి మీద ఒక గీత అంటే ఎంఎల్‌లో నలభయ్యో వంతు. 100 బలం ఉన్న మందులో నలభయ్యో వంతు అంటే రెండున్నర యూనిట్లు. ఒకటి వేశాననుకుని రెండున్నర వేశాను.

రాత్రి పదకొండు అయింది. నేను సీరియల్ చూసి పడుకోబోతున్నాను. అమ్మ నీళ్ళ కోసం లేచి పిలిచింది, "ఏమే, వీడేంటే తాగినవాడిలా నడుస్తున్నాడు?" అని. వెళ్ళి చూస్తే గోడకి ఆనుకుని తూలుతున్నాడు. కళ్ళు పెద్దవి చేసి ఎటో చూస్తున్నాడు. పిలిస్తే తల తిప్పలేదు. చెవికి సూది గుచ్చి చూస్తే 38. తిండి పెడితే వాసన కూడా చూడలేదు.

తేనె సీసా తీసి వేలితో చిగుళ్ళకి రాశాను. ఇది వినండి: నోట్లో పొయ్యకూడదు. తెలివి సరిగ్గా లేని పిల్లి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిగుళ్ళకి, పెదవి లోపలికి కొంచెం కొంచెంగా రుద్దాలి. ఫిట్స్ వస్తుంటే వేలు కూడా పళ్ళ మధ్య పెట్టకండి. తేనె లేకపోతే గ్లూకోజ్ పొడి చిక్కగా కలిపి, లేదా పంచదార పాకం. అది రాస్తూనే హాస్పిటల్‌కి బయల్దేరాలి. తేరుకున్నట్టు కనబడినా సరే వెళ్ళాలి, ఎందుకంటే తేనె పావుగంటలో అయిపోతుంది, గ్లార్జీన్ గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది.

ఇంటి ముందు ఆటో లేదు. కింది ఇంట్లో అద్దెకుండే నర్సింగ్ చదివే అమ్మాయి స్కూటీ తీసింది. నేను వెనక కూర్చుని, వాణ్ణి తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, దారిలో రెండు సార్లు తేనె రాశాను. రాత్రి తెరిచి ఉండే క్లినిక్‌లో డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "ఎంత వేశారు?" "ఒక్క యూనిటే డాక్టర్ గారూ." "ఏ సిరంజితో?" అప్పుడు నాకు కాళ్ళ కింద నేల జారిపోయింది. అమ్మకి ఫోన్ చేసి వాడేసిన సూదుల డబ్బా చూడమన్నాను. అమ్మ చూసి చెప్పింది, "పైనున్నది ఎర్రదేనే" అని.

రాత్రంతా డెక్స్‌ట్రోజ్ డ్రిప్ పెట్టారు. గంటగంటకీ చూశారు. 71, మళ్ళీ 55, మళ్ళీ 90. తెల్లవారి ఎనిమిదికి 196. అప్పుడు కళ్ళు తెరిచి నా వైపు చూసి మ్యావ్ అన్నాడు. తిట్టాడనే అనుకుంటున్నాను.

ఆ రోజు నుంచి మా ఇంట్లో నియమాలు. ఒకటి, బొండాం సీసా, సిరంజిలు, మీటర్ స్ట్రిప్పులు వేరే స్టీల్ డబ్బాలో. అమ్మవి ఇంకో రంగు ప్లాస్టిక్ డబ్బాలో. రెండు, మందు లాగాక సిరంజి అమ్మకి చూపించి అమ్మ సరే అన్నాకే వెయ్యడం. అద్దాలు పెట్టుకుని చూస్తుంది, రైల్వే సిగ్నల్ ఇచ్చినట్టు చెయ్యి ఊపుతుంది. మూడు, పది సిరంజిలు మిగిలి ఉండగానే కొత్త ప్యాకెట్. నాలుగు, ఇంజక్షన్‌కి ముందు తప్పనిసరిగా చెవి పరీక్ష. 200 కంటే తక్కువ ఉంటే కొత్తవాళ్ళు ఇన్సులిన్ వెయ్యకుండా డాక్టర్‌కి ఫోన్ చెయ్యమని మాకు చెప్పారు. తిండి తినకపోయినా, వాంతి చేసుకున్నా అంతే, ముందు ఫోన్. 60 కంటే తక్కువ ఉంటే అది ఎమర్జెన్సీయే, పిల్లి బాగానే ఉన్నట్టు కనబడినా సరే.

ఇక డోసు సరిపోతోందా లేదా ఎలా తెలుస్తుందంటే, ఒక్క రీడింగ్‌తో తెలియదు. ఒక ఆదివారం కూర్చుని పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా రెండేసి గంటలకి చూడాలి. దీన్ని కర్వ్ అంటారు. మా రిజిస్టర్‌లోంచి ఒకటి చదువుతాను: 312, 268, 194, 142, 131, 187, 259. ఇందులో అన్నిటికంటే కింది అంకె ముఖ్యం. మధ్యాహ్నం మూడింటికి 131. ఆ కింది అంకె 80కీ 150కీ మధ్య ఉంటే డోసు బాగున్నట్టు. పొద్దున 312 చూసి కంగారుపడి డోసు పెంచి ఉంటే మూడింటికి ఏమయ్యేదో ఆలోచించండి. అందుకే డోసు మార్చాలంటే వారం రెండు వారాలు ఆగి, అర యూనిట్ చొప్పున, డాక్టర్ చూసి మార్చాలి. హాస్పిటల్‌లో తీసే కర్వ్ కంటే ఇంట్లో తీసింది మేలు, ఎందుకంటే ఇంట్లో వాడికి భయం ఉండదు. మావాడికి బోనాలకి డప్పులు, దీపావళికి టపాకాయలు అంటే పడదు. అలాంటి రోజుల అంకెల్ని నేను లెక్కలోకి తీసుకోను, పక్కన గుర్తు పెట్టుకుంటాను.

తిండి సంగతి. ఇక్కడే అమ్మకీ నాకూ గొడవ. పాలన్నం, పెరుగన్నం, టీలో ముంచిన బిస్కెట్టు, ఇవన్నీ మన ఇళ్ళలో పిల్లికి ప్రేమగా పెట్టేవి. పిల్లి మాంసం తినే జీవి, అన్నం దానికి చక్కెరే. గింజల్లా ఉండే డ్రై ఫుడ్‌లో కూడా పిండి పదార్థం బాగా ఉంటుంది. తడి తిండి మేలు, అందులోనూ గ్రేవీ కాకుండా ముద్దలా ఉండేది. గ్రేవీ చిక్కబడటానికి తరచుగా పిండి కలుపుతారు. ఉడికించిన చికెన్ ఒక్కటే పెడితే చాలదు, కాల్షియం, టారిన్ లాంటివి అందవు. మన కూరలో ముక్క అసలు వద్దు, ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం.

కానీ జాగ్రత్త. ఇన్సులిన్ వేస్తూ ఉన్నట్టుండి తిండి మార్చేస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. పాత డోసు ఎక్కువైపోతుంది. డాక్టర్‌కి చెప్పి పది పదిహేను రోజుల్లో మెల్లగా మార్చాలి. లావు తగ్గాలని పస్తులు పెట్టడం అంతకంటే ప్రమాదం, పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పడుతుంది.

మందు దాచడం గురించి. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టకూడదు, అందుకని ఐసు పెట్టె పక్కన వద్దు. గ్లార్జీన్ నీళ్ళలా తేటగా ఉంటుంది. మబ్బుగా కనబడితే పారెయ్యండి. సీసా ఊపకండి. మన సికింద్రాబాద్ మే నెలలో 40 దాటుతుంది, కరెంటు పోతే భయమే. మట్టి కుండలో నీళ్ళు పోసి, దాంట్లో తేలేలా స్టీల్ గిన్నె పెట్టి, గిన్నెలో సీసా పెట్టండి. అమ్మ ఇన్సులిన్‌కి మేము ఎప్పటినుంచో చేస్తున్నదే ఇది. వాడిన సూదులు చెత్తబుట్టలో వెయ్యకండి, చెత్త తీసే వాళ్ళ చేతులకి గుచ్చుకుంటాయి. మందమైన ప్లాస్టిక్ డబ్బాలో వేసి నేను హాస్పిటల్‌లోనే ఇచ్చేస్తాను.

ఇంకో ప్రమాదం కూడా చెప్పాలి. చక్కెర తగ్గడమే కాదు, ఇన్సులిన్ చాలక కీటోన్లు పెరగడం. పిల్లి తినదు, వాంతులు, నీరసంగా మూల పడుకుంటుంది, నోటి దగ్గర గోళ్ళ రంగు తుడిచే మందు లాంటి వాసన రావచ్చు. మూత్రంలో కీటోన్లు చూసే స్ట్రిప్పులు మందుల షాపులో దొరుకుతాయి. అలా ఉంటే రేపు చూద్దాం అనుకోకండి, ఆ పూటే వెళ్ళండి. ప్రైవేట్ క్లినిక్ ఖర్చు మొయ్యలేనివాళ్ళు నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉన్నాయని గుర్తుంచుకోండి.

చివరిగా, చాలామంది అడిగే మాట. మా చుట్టాలు మొహం మీదే అన్నారు, "పిల్లికి ఇంత అవసరమా?" అని. వరంగల్‌లో పెళ్ళికి వెళ్ళి భోజనాలు కాగానే సాయంత్రం బండికి వచ్చేశాను, వాళ్ళు ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. ఇప్పుడు కింది అమ్మాయికి నేర్పాను కాబట్టి ఒక రాత్రి ఎక్కడైనా ఉండగలుగుతున్నాను. ఇంట్లో ఇంకొకరికి నేర్పకుండా దీన్ని మొదలుపెట్టకండి. ఒక్కరి వల్ల కాదు. చెయ్యలేని పరిస్థితి ఉన్నవాళ్ళూ ఉంటారు, వాళ్ళని నేను తప్పుపట్టను. అదీ డాక్టర్‌తో దాచకుండా మాట్లాడండి. చెప్పకుండా మధ్యలో మానెయ్యడం మాత్రం వద్దు.

మంచి కబురు కూడా ఉంది. పిల్లుల్లో, తొందరగా ఇన్సులిన్ మొదలుపెట్టి తిండి సరిచేస్తే, కొన్నిటికి కొన్ని నెలల్లో ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. అన్నిటికీ కాదు. తగ్గాక మళ్ళీ తిరగబెట్టవచ్చు కూడా. మావాడు మధ్యలో ఒకటిన్నరకి వెళ్ళాడు, ఇప్పుడు అర యూనిట్ మీద ఉన్నాడు. ఒంటికి కండ పట్టింది. బీరువా మీదకి మళ్ళీ ఎక్కుతున్నాడు, అందుకే మీకు కనబడ్డాడు. వచ్చే నెల కర్వ్ చూసి ఆపి చూద్దామా అని డాక్టర్ గారు అన్నారు. ఆపగలిగితే చెప్తాను, ఆపలేకపోతే అదీ చెప్తాను.

ఇంకో సంగతి. అమ్మ ఇదివరకు తన ఇన్సులిన్ ఎగ్గొట్టేది. "ఈ పూట వద్దులే, నొప్పి" అనేది. ఆ రాత్రి తర్వాత ఎగ్గొట్టలేదు. ఏడయ్యేసరికి కుర్చీలో కూర్చుని అడుగుతుంది, "వాడికి వేశావా? అయితే నాకూ వెయ్యి" అని. ఇప్పుడు టైమ్ ఆరు నలభై అయింది, ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. నేను వెళ్ళాలి.

మీ ఇంట్లో షుగర్ ఉన్న పిల్లి ఉంటే, ఈ రోజు ఒక్క పని చెయ్యండి. సీసా తీసి దాని మీద 40 ఉందో 100 ఉందో చదవండి. తర్వాత సిరంజి మూత రంగు చూడండి. రెండూ కలిశాయా లేదా చూసుకుని అప్పుడు ఇంజక్షన్ వెయ్యండి.